తోకకు పాకం పట్టిన విమానం

విమానం కూల్చిన ఆడదాన్ని మీరు చూసి ఉండరు. రండి, కూర్చోండి, తీరిగ్గా చూడండి. దాన్ని కూల్చడానికి నాకు తుపాకీ అవసరం పడలేదు, ఫిరంగి అవసరం పడలేదు. గుప్పెడు బెల్లం సరిపోయింది.

నాకు చదువు రాదు. సంతకం పెట్టమంటే నా పేరు కాగితం అంచు దాటి బల్ల మీదికి పోతుంది. అందుకే నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. "అవ్వా, నిదానంగా చెప్పు" అంటోంది. ఆ రోజు ఆ విమానం నిదానంగా పడి ఉంటే నేనూ నిదానంగానే చెప్పేదాన్ని.

నయాపైసలు వచ్చిన కొత్తల్లో మాట ఇది. మాది ధర్మవరం, మగ్గాల ఇల్లు. నన్నిచ్చింది హిందూపురంలో బెల్లం మండి ఇంటికి. వాళ్లూ మావాళ్లే గాని, తాతల కాలంలోనే మగ్గం వదిలి బెల్లం పట్టుకున్నారు. ఆ ఇంట్లో గోడలు, తలుపులు, దేవుడి పటాలు, చివరికి మా అత్త తలదిండు కూడా తీపి వాసనే. కాపురానికి పోయిన కొత్తల్లో ఈగలు నా చుట్టూ తిరుగుతుంటే, నా అందం చూసి అనుకున్నాను. తర్వాత తెలిసింది, అవి ఎవరొచ్చినా అట్లాగే తిరుగుతాయని.

మండికి పెద్ద మా బావగారు, అంటే మా ఆయన అన్న. ఆయన గొప్పతనం ఒకటి ముందే చెప్పాలి, నా కొంప ముంచింది అదే కాబట్టి. బెల్లం దిమ్మ మీద వేలు రాసి, ఆ వేలు నాలుకకు తగిలించి, కళ్లు మూసుకుని, "ఇది సోమందేపల్లి చెరుకు. పొంగు ఒకటి ఎక్కువైంది. పెనం సరిగా కడగలేదు" అని చెప్పేసేవారు. రైతు బిత్తరపోయేవాడు. ఆ నాలుకకు అబద్ధమూ తెలీదు, దయా తెలీదు.

ఆ రోజుల్లో తమ్ముడి పెళ్లాం బావగారి ఎదుట నోరు విప్పకూడదు. కాపురానికొచ్చి ఏండ్లు గడిచినా నా గొంతు ఎట్లా ఉంటుందో ఆయనకు తెలీదు. నాది మగ్గాల మోత మీదుగా వీధి చివరివాళ్లను పిలిచి పెరిగిన గొంతు. రంపంతో రేకు కోసినట్టు ఉంటుంది. అట్లాంటి గొంతును తలుపు వెనక దాచుకోవడమంటే, కోడిపుంజును గంప కింద మూసి తెల్లవారకూడదని మొక్కుకోవడమే. ఆయనకు ఏదైనా చెప్పాలంటే నేను మా అత్త చెవిలో చెప్పాలి, అత్త తనకిష్టమైనంత ఆయనకు చెప్పాలి.

ఇక మా ఆయన. ఆయన తక్కెడ ముందు కూర్చుంటే తక్కెడకే దిగులు పట్టేది. మనసంతా పనిముట్ల మీదే. నిలిచిపోయిన గడియారం, గాలి దిగిన సైకిలు, ఎవరింటి కుట్టుమిషనో, ఇవి కనిపిస్తే అన్నం మానేసేవారు. మండి పక్కన ఖాళీ గోనెలు పడేసే రేకుల కొట్టు ఒకటి ఉండేది. అందులో సైకిళ్లు బాగుచేసే అంగడి పెట్టుకోవాలని ఆయన కోరిక. అడిగినప్పుడల్లా బావగారు "చూద్దాం లేరా" అనేవారు. ఆ ఇంట్లో 'చూద్దాం' అంటే కళ్లు మూసుకోవడం.

ఒకసారి మా ఆయన సరుకుతో బెంగుళూరు పోయి, అక్కడ మైదానంలో కాలేజీ పిల్లలు బొమ్మ విమానాలు ఎగరేస్తుంటే చూశారు. అయిపోయింది. బెండులాంటి తేలిక కట్టె, పల్చటి కాగితం, ఏదో ఘాటు జిగురు మూట కట్టుకొచ్చి అటకెక్కారు. భోజనానికి దిగేవారు, మళ్లీ ఎక్కేవారు. మా అత్త "మా చిన్నోడు పావురం అయిపోయినాడే" అని కిందినుంచి ఏడ్చేది.

పావురం పొదిగిన పిల్ల బాగానే ఉంది. చాచిన రెక్కలు, ముక్కున పంకా, పొట్టలో రబ్బరు. రబ్బరును మెలితిప్పి వదిలితే పంకా గిర్రున తిరిగి విమానం లేస్తుంది. తోక మీద నిలువుగా చిన్న రెక్క, ఆ రెక్క వెనక తలుపులాంటి పల్చటి పలక. ఆ తలుపు ఎటు వంగితే విమానం అటు తిరుగుతుంది. దానికి ఆయన ఇంగ్లీషు పేరేదో చెప్పారు. నేను 'తోక తలుపు' అన్నాను. కొన్నాళ్లకు ఆయనా తోక తలుపే అన్నారు. పెళ్లాం ముందు ఇంగ్లీషు ఎన్నాళ్లు నిలుస్తుంది?

బావగారు ఒకరోజు చూడనే చూశారు.

"ఒరే చిన్నోడా, ఏమిది?"

"విమానమన్నా."

"ఎగురుతాదా?"

"ఎగురుతాది."

"ఎక్కేకి అవుతాదా?"

"అట్ల కాదన్నా. బొమ్మ."

"అయితే ఎగిరి ఏం చేస్తాది?"

మా ఆయన పంకాను వేలితో ఒకసారి తిప్పి చూపించారు. నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

"సరే, విను" అన్నారు బావగారు. "ఆదివారం మీ వదినను పిల్చుకొచ్చేకి అందరమూ పెనుకొండకు మా మామ ఇంటికి పోతాండాం గదా. ఆడ, ఊరి జనం ముందర ఎగిరించు. ఎగిరితే నీ చేతిలో పనుండాదని ఒప్పుకుంటా, రేకుల కొట్టు నీది. ఎగరకపోతే ఈ కట్టెలు నీళ్లపొయ్యిలోకి, నువ్వు తక్కెడ ముందరికి. మళ్లా జన్మలో కొట్టు మాట ఎత్తకూడదు."

"మాటేనా అన్నా?"

"మాటే."

తలుపు వెనక నిలబడి వింటున్న నాకు రేకుల కొట్టు కళ్ల ముందు మెరిసింది. ఆయన మొహం ఇంకా ఎక్కువ మెరిసింది.

అంత మెరిస్తే మేఘాలు ఊరుకుంటాయా? మా సీమలో వాన కావాలని వరుణదేవుడికి పొర్లుదండాలు పెట్టినా రాదు. ఆ వారం మాత్రం ఎవరూ పిలవకుండానే వచ్చి, అటక మీది పెంకు సందులోంచి సరిగ్గా తోక తలుపు మీదనే కారింది. పొద్దున చూస్తే అది నూనెలో వేసిన అప్పడంలా మెలి తిరిగి ఉంది. పెరట్లో వదిలి చూశారు. విమానం మా అత్త చుట్టూ ప్రదక్షిణం చేసి, మజ్జిగ కుండలో ముక్కు పెట్టింది.

"దానికి దారి తెలుసునే! నేరుగా వంటింటికొచ్చె" అంది అత్త.

"వంకర తీయాల, అంతే" అన్నారు మా ఆయన. తోక తలుపును ఊడదీసి, ఎట్లా తీయాలో నాకు చూపించారు. మరిగే నీళ్ల ఆవిరి మీద పలకను పట్టుకుంటే మెత్తబడుతుంది. అప్పుడు వంగినదానికి ఎదురు దిక్కుకు కొంచెం, కొంచెమే, మెలితిప్పి, చల్లారేదాకా కదలకుండా పట్టుకోవాలి. "తొందరపడితే మళ్లా పాత బుద్ధికే పోతాది" అన్నారు.

"మీ అన్న బుద్ధి మాదిరి" అంది అత్త. "ఆయప్పకు యాడ ఆవిరి పట్టేది?"

అయితే మొదటిసారి తీసిన వంకర తేమకు మళ్లీ తిరిగొచ్చింది. రెండోసారి ఆవిరి పడదామనుకునేలోగా శనివారం వచ్చింది, శనివారంతో పాటు బావగారి ఆజ్ఞ కూడా. "సోమందేపల్లికి పోయి బెల్లం చూసి రాపో." మా ఆయన సైకిలెక్కుతూ నా వైపు వేలు చూపించారు.

"సాయంత్రం నేనొచ్చి చేస్తా. అంతవరకూ నువ్వు మాత్రం ముట్టొద్దు."

చూశారా, తప్పెవరిదో? ముట్టమని చెప్పి ఉంటే నాకు సంకటి పని, నీళ్ల పని, ఇంత ఉంది, ముట్టే తీరికే లేదు. ముట్టొద్దన్నారు. ఇక చేతులు వేరే పని చేస్తాయా?

సంకటి ఎసరు మరుగుతోంది. మూత తీసి తోక తలుపును ఆవిరికి చూపించాను. మెత్తబడింది. ఎదురు దిక్కుకు తిప్పాను. కొంచెమే తిప్పమన్నారు గాని, కొంచెం తిప్పితే కొంచెం మంచి, ఎక్కువ తిప్పితే ఎక్కువ మంచి అని నా లెక్క. చల్లారేదాకా పట్టుకుందామంటే ఎసరు పొంగింది. వదిలేసి కుండ దగ్గరికి ఉరికాను. తిరిగొచ్చి చూస్తే ఎడమకు ఉన్న వంకర కుడికి వచ్చింది. మళ్లీ ఆవిరి, మళ్లీ తిప్పడం. ఇప్పుడు పైన ఎడమ, కింద కుడి. పంచాయితీలో ఇద్దరికీ తలాడించే పెద్దమనిషిలా తయారైంది.

అప్పుడు నాకు నా పుట్టినిల్లు గుర్తొచ్చింది. ధర్మవరంలో మా వీధి పొడవునా పడుగు నూలు సాచి గంజి పట్టిస్తే, చిక్కుపడే నూలు కూడా తీగలా నిలబడేది. దారమే నిలబడితే తలుపు నిలబడదా? బియ్యపు గంజి చిక్కగా కాచి, కొబ్బరి పీచు కుంచెతో రెండు పక్కలా దువ్వి ఎండకు పెట్టాను. పడుగునైతే రెండు కొనలా బిగించి లాగి ఉంచుతారు. ఆ ముక్క నాకు ఎండలో పెట్టిన తర్వాత గుర్తొచ్చింది. కాగితం ముడుచుకుని, కట్టెను కూడా లోపలికి లాక్కుంది. తీసి చూస్తే తోక తలుపు కాదు, ఎండిన కాకరకాయ ముక్క.

సరిగ్గా అప్పుడే మా అత్త వెనకనుంచి, "ఏం చేస్తాండావే?"

"వంకర తీస్తాండా అత్తా."

"తీస్తాండావా, పెడతాండావా?"

నేను ఏడుపు మొదలుపెట్టాను. నా ఏడుపు కూడా రంపం గొంతే. అత్త చెవులు మూసుకుని, "నోరు ముయ్యే, వీధంతా వస్తాది. పెనుకొండ కోట గోడలు ఎట్ల నిలబడినాయో తెలుసునా నీకు?" అంది.

"రాజులు కట్టినారు."

"రాజులు కాదు, బెల్లం. సున్నంలో బెల్లం నీళ్లు కలిపి కట్టినారంట. ఎన్ని వానలు కురిసినా రాయి కదిలిండ్లేదు."

"అది గోడ అత్తా. ఇది విమానం."

"అంత పెద్ద గోడకే పట్టింది, ఇంత ముక్కకు పట్టదా?"

ఈ మాటకు ఎవరైనా ఎదురు చెప్పగలరా? నేను చెప్పలేకపోయాను. పైగా బెల్లం అమ్మే ఇంటి కోడలికి బెల్లం మీద నమ్మకం లేకపోతే ఇంకెవరికి ఉంటుంది?

కానీ మండి ఇంట్లో బెల్లం డబ్బా నిండుకుని ఉంది. మండికి బావగారి తాళం. ఇంట్లో ఉన్నది ఒక్క దిమ్మే, దేవుడి గూట్లో, తెల్లగుడ్డ కట్టి. బంగారంలా మెరిసే ఆ దిమ్మను బావగారు పెనుకొండ మామకు కానుకగా ఇవ్వాలని ఏరి పెట్టుకున్నారు. నేను అత్త వైపు చూశాను. అత్త దేవుడి వైపు చూసింది. దేవుడు ఎటూ చూడలేదు.

"మూలకు రవంత గోకు. ఎలక అనుకుంటాడు లే" అంది అత్త.

గోకాను. ఎలక కూడా సిగ్గుపడేంత గోకాను. పాకం కాచి, తమలపాకుల సున్నం చిటికెడు కలిపి, కోట గోడకు పూసినట్టు రెండు పక్కలా పూశాను. నూనె రాసిన రెండు చెక్కల మధ్య తోక తలుపును పెట్టి, మీద రుబ్బుగుండు ఎక్కించి, సాయంత్రం దాకా దాని ముందే కూర్చున్నాను. చల్లారేదాకా కదల్చకూడదని ఆయన చెప్పారు కదా, ఆ ఒక్క మాటైనా విందామని.

తీసి చూస్తే, ఓయమ్మా! గీత గీసినట్టు తిన్నగా ఉంది. గోటితో కొడితే టక్కుమంది. ఎర్రగా, నున్నగా, అద్దంలా ఉంది. నా మొహం అందులో కనిపించింది. ఎంత తెలివైన మొహమో అనుకున్నాను.

మా ఆయన వచ్చి చూసి నిలబడిపోయారు.

"ఎట్ల చేస్తివే? నేను ముట్టొద్దంటి గదా!"

"మీరు చెప్పినట్లే. ఆవిరి పట్టినా, తిప్పినా, చల్లారేదాకా పట్టుకొన్యా."

ఇందులో ఒక్క అబద్ధం ఉందా చెప్పండి? మధ్యలో కొంచెం వదిలేశాను, అంతే.

"రంగు మారిందే?" అన్నారు, దాన్ని తోకకు మళ్లీ బిగిస్తూ.

"ఎండకు."

"ఏదో తీపి వాసన వస్తాండాది."

"ఈ ఇంట్లో ఏది వాసన రాదు?" అంది అత్త వెనకనుంచి, నన్ను కాపాడుతూ. అత్త నన్ను ఆఖరుసారి కాపాడింది అప్పుడే. గుర్తు పెట్టుకోండి.

ఆదివారం పొద్దున లేచి చూస్తే, తోక నల్లగా ఉంది. ఇదేం రంగు అని దగ్గరికి పోతే, రంగు కదులుతోంది. చీమలు! పెళ్లి ఊరేగింపులా గోడ దిగి, వరస తప్పకుండా వస్తున్నాయి. ఊదాను, దులిపాను, బతిమాలాను. రైల్లో విమానాన్ని ఒళ్లో పెట్టుకుని తోకను కొంగుతో కప్పుకున్నాను. ఇంజను పొగకు బొగ్గు రవ్వలు వచ్చి పడుతుంటే, మా ఆయన "ఎంత జాగ్రత్తే నీకు!" అని మురిసిపోయారు. నా మోచేతి మీద చీమలు కుడుతుంటే నేనూ నవ్వాను. భార్యల నవ్వుల వెనక ఏముంటుందో మగవాళ్లకు తెలిస్తే రైళ్లు నడవవు.

ఎదురుగా కూర్చున్న ముసలాయన అడిగాడు. "ఏమమ్మా, బిడ్డను ఎత్తుకున్నట్ల ఎత్తుకొనుండావు. ఏమిది?"

"విమానం తాతా."

"విమానముండంగా రైలెందుకు ఎక్కితిరి?"

పెనుకొండలో కోట వాకిలి దగ్గర బయలు ఉంది. బావగారి మామ ఊరందరికీ ముందే చెప్పి పెట్టాడు. పెద్దమనుషులకు మంచాలు కూడా వేయించారు. బెల్లం దిమ్మను బావగారు మామ చేతిలో పెట్టారు. గుడ్డ విప్పి మామ "ఏమల్లుడూ, మూల కొరికిండాది?" అంటే, "ఎలక మామా. మా హిందూపురం ఎలకలకు మంచి సరుకు తెలుసు" అని బావగారు నవ్వారు. మా అత్త కొండవైపు తిరిగి చేతులు జోడించింది.

మా ఆయన రబ్బరు మెలితిప్పారు. విమానాన్ని రెండు వేళ్ల మీద నిలబెట్టి తూచారు. తోక కిందికి జారింది. మళ్లీ తూచారు. మళ్లీ జారింది.

"తోక ఎందుకో బరువుగా ఉండాదే..."

"తూకం చూసేది మండిలో నేర్చుకోకపోతివి, ఈడ నేర్చుకుంటాండావా?" అన్నారు బావగారు. "వదలరా అబ్బీ, ఎండెక్కుతాండాది!"

వదిలారు.

లేచింది! ఒక్క క్షణం నా ప్రాణం దానితో పాటే లేచింది. తర్వాత ముక్కు పైకెత్తింది. ఇంకా ఎత్తింది. రొట్టె ముక్క కోసం వెనక కాళ్ల మీద నిలబడిన కుక్కపిల్లలా, తోక కిందికి, మూతి ఆకాశానికి పెట్టి, గాల్లో నిలబడింది. అట్లా నిలబడి, వెనక్కి నడిచి, కోట వాకిలి ముందర గుంతలో వెల్లకిలా పడింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఎవరైనా గాలిది తప్పు అనొచ్చు. గాలే లేదు ఆ రోజు.

జనం విరగబడి నవ్వారు. బావగారు నవ్వలేదు. అదే ఇంకా ఘోరం.

"చిన్నోడా, నీళ్లపొయ్యి."

 మా ఆయన మొహం చూసి నాకు మగ్గం గుంతలో దిగి మీద పలక వేసుకోవాలనిపించింది. వంగి విమానాన్ని తీయబోతున్నారు. ఇంతలో గోడ మీదనుంచి గోధుమరంగు చెయ్యి ఒకటి దిగి, విమానాన్ని ఎత్తుకుపోయింది.

బెల్లం ఉన్నచోట ఈగలు మూగుతాయని పెద్దలు చెప్పారు. కోతుల సంగతి ఎందుకు చెప్పలేదు? పెద్దలు పెనుకొండకు పోయి ఉండరు.

అది మందకే పెద్ద కోతి. విమానం చంకన పెట్టుకుని వాకిలి మీది బురుజెక్కి కూర్చుంది. రెక్కలు వాసన చూసింది, బాగా లేవు. పంకా తిప్పి చూసింది, దానికీ విసుగొచ్చింది. తోక దగ్గరికి వచ్చింది. వాసన చూసింది. ఒకసారి నాకింది. నాకి, కళ్లు మూసుకుంది, అచ్చం మా బావగారిలాగే! ఆ తర్వాత తోక తలుపును ఫట్టున విరిచి, చెరుకు ముక్క నమిలినట్టు నమలడం మొదలుపెట్టింది.

"తోక తింటాందిరో!" అని ఒకడు అరిచాడు.

"విమానం తినే కోతిని యాడన్నా చూసినారా!"

ఆ తీపి వాసన మందకంతా తెలిసిపోయింది. ఇంకో కోతి వచ్చి లాగబోయింది. పెద్ద కోతి ఒక చేత్తో తోక తలుపును నోట్లో కుక్కుకుని, రెండో చేత్తో మిగిలిన విమానాన్ని ఆ రెండోదాని మీదికి విసిరింది. తగల్లేదు. విమానం బురుజు దాటి గాల్లోకి వచ్చింది.

ఎగిరింది, తల్లీ! తలుపూ లేదు, దాని మీది పాకం బరువూ లేదు. అది గద్ద సాగినట్టు సాగింది. పెద్దమనుషుల మంచాల మీదుగా, బావగారి తలపాగా మీదుగా, చింతచెట్టు పక్కనుంచి, ఒక్క కుదుపు లేకుండా, గీత గీసినట్టు పోయి, అవతల వేరుశనగ చేలో కొంగ వాలినట్టు వాలింది.

 మా ఆయన చెప్పులు వదిలి పరుగెత్తారు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన మొహం చెప్పలేను. పెళ్లి పీటల మీద కూడా అంత సంతోషం చూడలేదు నేను. కొంచెం కోపం కూడా వచ్చింది.

"అన్నా! ఎగిరింది!"

"కోతి ఎగిరిస్తే లెక్కకు రాదు."

"ఎవరు ఎగిరిస్తే ఏమన్నా? చేసింది నేను!"

పెనుకొండ మామ మంచం మీదనుంచి తీర్పు చెప్పాడు. "అల్లుడూ, ఎగిరితే అంటివి. మనిషి ఎగిరించాల అని నువ్వు అన్లేదు. మాట మాటే."

బావగారు విమానాన్ని చేతిలోకి తీసుకున్నారు. తిప్పి చూశారు. తోక విరిగిన చోట ఎర్రగా, బంకగా ఏదో మిగిలి ఉంది. నేను అత్త వెనక్కి జరిగాను. ఆయన చూపుడు వేలు దాని మీద రాశారు. వేలు నాలుకకు తగిలించారు. కళ్లు మూసుకున్నారు.

"సోమందేపల్లి" అన్నారు. "కొత్త చెరుకు. లేత పాకం." ఇంకొంచెం నాకారు. "రవంత సున్నం." కళ్లు తెరిచారు. "ఇది మామకని నేను ఏరి పెట్టిన దిమ్మ."

మామ దిమ్మ మూల వైపు చూశాడు. జనమంతా దిమ్మ మూల వైపు చూశారు.

"ఎలక అనుకొంటి" అన్నారు బావగారు, తమ్ముడి వైపు తిరిగి. "ఎలక కాదు, విమానాలోడు. మాట మాటే, ఎగిరింది, నిజమే. కానీ దేవుని గూట్లో చెయ్యి పెట్టిన దొంగకు నేను కొట్టు ఇయ్యను."

"నేను ముట్టిండ్లేదన్నా!"

"మరి ఎవరు ముట్టినారు?"

నేను అత్త కొంగు పట్టి లాగాను. చెవిలో, "చెప్పత్తా, నేనే అని చెప్పు" అన్నాను. అత్త కొంగు విడిపించుకుని, "నాకేం తెల్దప్పా. నేను కోట గోడ సంగతి చెప్పింటి, అంతే. కోట సంగతి చెప్పేది తప్పా?" అంది.

మా ఆయన తల వంచుకున్నారు. చేతిలోకి వచ్చిన రేకుల కొట్టు వేళ్ల సందునుంచి జారిపోతోంది. ఇక గంప కింద పుంజు ఆగలేదు.

"బావా! దొంగ ఆయన కాదు, నేను! నేనే గోకినా, నేనే కాచినా, నేనే పూసినా! ఆయనకు తెలియనే తెల్దు!"

కొండ మీద కోతులు చెట్లెక్కాయి. బయటి వీధిలో కుక్క మొరిగింది. కోట గోడ నా గొంతును పట్టి మళ్లీ నాకే తిరిగిచ్చింది: పూసినా... పూసినా...

బావగారు ఒక అడుగు వెనక్కి వేశారు.  ఆ తర్వాత మా అత్తను అడిగారు.

"అమ్మా, ఈయమ్మకు గొంతు ఇట్ల ఉండాదా?"

"ఉండాది నాయనా."

"ఇన్ని దినాలూ మనింట్లోనే ఉండాదా?"

"తలుపెనక ఉండాది."

బావగారు తల అడ్డంగా ఊపారు. "చిన్నోడా, కొట్టు తీసుకో. ఈ గొంతును పక్కన పెట్టుకుని ఇన్నేండ్లు పని చేసినావంటే నీకు ఓపికుండాది. అంగడి నడుపుతావు." నా వైపు తిరగకుండా, గాలికి చెప్పినట్టు అన్నారు. "ఆయమ్మ మాత్రం అంగట్లోకి రాకూడదు. సైకిలు చక్రం వంకర పోయిందంటే గుమ్మడికాయ హల్వా పూస్తాది."

అంగడి నడిచింది. మా ఆయన పోయేదాకా, ఆ రేకుల కిందే నడిచింది. తోక తలుపు లేని విమానం అంగట్లో పైన వేలాడుతూ ఉండేది. తోక ఏమైందని ఎవరడిగినా ఆయన నవ్వకుండా, "మా ఇంట్లో ఆమె రిపేరు చేసింది" అనేవారు. ఇంకో ముక్క కలిపేవారు కాదు. చక్రం వంకర తీసేటప్పుడు మాత్రం, ఇంట్లోంచి నేను వస్తున్నానేమో అని ఒకసారి వెనక్కి చూసుకునేవారు. ఇప్పుడు ఆ విమానం నా మంచం మీద దూలానికి ఉంది. చీమలు ఈనాటికీ అప్పుడప్పుడు ఎక్కి వెతుక్కుంటాయి. పాపం, వాటి అవ్వలు చెప్పి ఉంటారు.

అందుకని నేను, ధర్మవరంలో పుట్టి హిందూపురంలో మెట్టి పెనుకొండలో నోరు విప్పినదాన్ని, కోట గోడ సాక్షిగా, బురుజు మీది కోతి సాక్షిగా, దాని కడుపులోని తోక తలుపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఎగిరే వస్తువు దేనికీ బెల్లం పూయను. ఒకవేళ పూయక తప్పని పరిస్థితే వస్తే, బావగారి దిమ్మ ముట్టను. అంగట్లో కొని పూస్తాను.